పాట ఆగాలా, వెళ్ళిపోవాలా?

అనంతపురంలో మా మేనకోడలు చదివే స్కూల్లో వార్షికోత్సవం. ఎనిమిది మంది ఆడపిల్లలు ఒక పాత సినిమా పాటకు డాన్సు చేశారు. పాటను రికార్డులో ఉన్నది ఉన్నట్టే పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చారు. అంతా బాగానే నడిచింది గానీ చివర్లో పల్లవి తిరిగి తిరిగి వస్తూ సౌండు తగ్గడం మొదలైంది. ప్రాక్టీసు చేసింది క్లాసురూములో, చిన్న బ్లూటూత్ స్పీకర్ ముందు, అక్కడ ఆఖరి చుక్క దాకా వినపడేది. ఇక్కడేమో మైదానం, వెనకాల వెయ్యి మంది జనం, పక్కన బజ్జీల బండి. ముందు వరసలో ఇద్దరు పాట అయిపోయిందనుకుని ఆగిపోయారు, మధ్యలో వాళ్ళు ఆగినవాళ్ళను చూసి సగం ఆగారు, స్పీకర్ పక్కనున్న మా పిల్లకు మాత్రం పాట ఇంకా వినపడుతోంది కాబట్టి అది ఒక్కతే పట్టుగా చివరి దాకా ఎగిరింది. చప్పట్లు మూడు విడతలుగా పడ్డాయి. ఇంటికొచ్చాక అది అడిగిన ప్రశ్న ఒకటే: "మామా, ఆ పాట అసలు ఎక్కడ అయిపోయింది?"

సూటి ప్రశ్నే గానీ దీనికి సూటి జవాబు లేదు. ఆ పాట ఎక్కడా అయిపోలేదు. స్టూడియోలో ఎవరో దాని గొంతు మెల్లగా తగ్గించారు, అంతే.

పాటలు ఇలా మెల్లగా మాయమవ్వడం, అదే ఫేడౌట్, మంచిదా, లేక ఠక్కున ఒక చోట ముగియడం మంచిదా అని సంగీతం ఇష్టపడేవాళ్ళు చాలాకాలంగా కొట్టుకుంటున్నారు. ఫేడౌట్ అంటే ముగింపు చేతగాక చేతులెత్తేయడమే అని ఒక వర్గం. కాదు, పాట మనసులో అలా సాగిపోతూ ఉండటానికే అది అని ఇంకో వర్గం. రెండింటిలోనూ కొంచెం నిజం ఉంది గానీ, నాకు మాత్రం ఈ గొడవ మొదలే తప్పు చోట మొదలైందనిపిస్తుంది. పాట అయిపోయేటప్పుడు దాని ముందు ఎవరున్నారు, గుంపుగా ఉన్నారా, ఒక్కరే ఉన్నారా అన్నది తేల్చుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

ముందు ఫేడౌట్ ఎలా చేస్తారో చూద్దాం. మైకు లేని కాలంలో పెద్ద బూర ముందు నిలబడి పాడితే ఆ ఊపుకే సూది కదిలి రికార్డు మీద గీత పడేది. అక్కడ సౌండు తగ్గాలంటే ఒకటే దారి, పాడేవాళ్ళు బూర నుంచి దూరం జరగాలి. 1925 ప్రాంతంలో కరెంటుతో రికార్డు చేసే పద్ధతి వచ్చాక ఒక నాబ్ తిప్పితే సరిపోయింది. ఆ తర్వాత టేపు వచ్చింది, ఒక్కో వాయిద్యాన్ని వేరువేరుగా రికార్డు చేసుకునే పద్ధతి వచ్చింది, ఇక అడ్డేముంది. వాయించేవాళ్ళు పల్లవిని ఆపకుండా నాలుగైదు సార్లు వాయిస్తారు, చివర్లో మిక్సింగ్ చేసే ఇంజనీరు ఫేడర్‌ను, అంటే సౌండు తగ్గించే జారుడు మీటను, వేలితో కిందికి లాగుతాడు. అంటే ఫేడౌట్‌లో పాటను ముగించేది పాడినవాళ్ళు కాదు, వాయించినవాళ్ళూ కాదు. గాజు గదిలో కూర్చున్న మనిషి.

ఆ లాగడంలోనూ ఒక నేర్పు ఉంది. మన చెవి సౌండును సమాన మెట్లుగా లెక్కపెట్టదు. సుమారు 10 డెసిబెల్స్ తగ్గితేనే మనకు "సగమైంది" అనిపిస్తుంది. సిగ్నల్ ఎత్తును సరిగ్గా సగం చేసినా తగ్గేది 6 డెసిబెల్స్ మాత్రమే. అందుకని ఎత్తును స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా తగ్గించుకుంటూ పోతే చాలాసేపు తగ్గినట్టే ఉండదు, చివరి రెండు సెకన్లలో మాత్రం గోతిలో పడ్డట్టు పడిపోతుంది. చెవికి నునుపుగా దిగినట్టు ఉండాలంటే మొదట్లోనే గట్టిగా లాగి, కింద తోకను పొడుగ్గా వదలాలి. ఆ తోకే అసలు మాయ. ప్రొద్దుటూరు నుంచి ఎర్రగుంట్ల మీదుగా కడపకు పోయే బస్సులో అదే పాట వినండి, ఇంజన్ మోతలో ఆ తోక మొత్తం కొట్టుకుపోతుంది, పాట పది సెకన్లు ముందే అయిపోతుంది. అర్ధరాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, గాయకుడు చిట్టచివర ఎప్పుడూ వినని ఒక చిన్న సంగతి, అదే ఒక గొంతు విరుపు, వేసి పోతాడు. ఒకే పాట, ఎవరి చోట వాళ్ళకు ఒక్కోచోట అయిపోతుంది. మా మేనకోడలి స్టేజి మీద జరిగింది కూడా ఇదే.

ఇది ఎందుకంత పాకింది అంటే ఒక్క కారణం కాదు. 78 ఆర్‌పీఎం రికార్డు పది అంగుళాల పళ్ళెంలో ఒక వైపు దాదాపు మూడు నిమిషాలే పట్టేది, పొడుగు సినిమా పాటల్ని రెండు వైపులా విరిచి ఇచ్చేవాళ్ళు. కొలత అంత బిగువుగా ఉన్నప్పుడు ఎక్కడైనా మెల్లగా దించేసే వీలుండటం గొప్ప సౌకర్యం. తర్వాత రేడియో. పాట తగ్గుతుంటే అనౌన్సరు గొంతు దాని మీదుగా వచ్చేయొచ్చు, మధ్యలో గుంత పడదు. జనరంజని విన్నవాళ్ళకు ఇంకో రకం ఫేడౌట్ కూడా తెలుసు. వార్తల టైము అయిందంటే రెండో చరణం మధ్యలోనే పాటను నిర్దాక్షిణ్యంగా కిందికి దించేసేవాళ్ళు. ఊరి పేర్లు, మనుషుల పేర్లు అన్నీ చదివి, పాట మాత్రం సగం వేసేవాళ్ళు. మా నాయన దాన్ని "గొంతు పిసికినారు" అనేవాడు.

అన్నిటికన్నా పెద్ద కారణం మాత్రం పల్లవి. పల్లవి పదే పదే వినిపించి, అది ఇంకా నడుస్తుండగానే పాటను తీసేస్తే, మిగిలింది మనం నోటితో పూరించుకుంటాం. జర్మనీలో హానోఫర్ సంగీత విశ్వవిద్యాలయం వాళ్ళు దీన్ని పరీక్షగా చేసి చూశారు. వినేవాళ్ళను పాటకు తగ్గట్టు వేలితో తాళం వేయమన్నారు. గట్టి ముగింపు ఉన్నప్పుడు జనం పాట ఇంకా పూర్తి కాకముందే వేలు ఆపేశారు, ముగింపు వస్తోందని ముందే పసిగట్టి. ఫేడౌట్ ఉన్నప్పుడు మాత్రం పాట అయిపోయాక కూడా సెకనుకు పైగా కొడుతూనే ఉన్నారు. తాళం యంత్రంలో ఆగింది, మనిషిలో ఆగలేదు.

1980ల్లో అమెరికా హిట్ పాటల్లో దాదాపు ఫేడౌట్‌దే రాజ్యం అయిందంటే అందుకే. మన సినిమా పాటలకూ ఆ గాలి బాగానే తగిలింది.

ఇప్పుడు మన వైపు తిరుగుదాం, ఎందుకంటే ఈ విషయంలో తెలుగువాళ్ళం మామూలు మొండివాళ్ళం కాదు. ముగింపు మీద మనకున్న పట్టింపు మన మాటల్లోనే ఉంది. ఎవరైనా ఉపన్యాసం చివర ఒక మాట విసిరితే "అని ముక్తాయించారు" అని పేపర్లో రాస్తారు. అది మృదంగం దగ్గర్నుంచి వచ్చిన మాట. పంచాయతీలో "తీర్మానం" చేస్తారు. ఆ పేరుతోనే నాట్యంలో, లయలో ఒక ముగింపు ముక్క ఉంది. ఏ పథకాన్నో ఎత్తేస్తే "మంగళం పాడేశారు" అంటాం, కచేరీకి చివర మంగళం పాడటం ఆచారం కాబట్టి. "ఫేడ్" అవ్వడానికి మాత్రం మనకు అలాంటి సొంత మాట ఒక్కటీ తట్టదు.

ముక్తాయింపు అంటే ఒకే ముక్కను మూడుసార్లు వేసి ముగించడం, లెక్క వేసి చూస్తే దాని ఠీవి తెలుస్తుంది. ఆదితాళం ఎనిమిది దెబ్బలు. దెబ్బకు నాలుగు చొప్పున ముప్పై రెండు అక్షరాలు అనుకోండి. "త ది గి ణ తోం" అయిదు అక్షరాల ముక్క. దీన్ని మూడుసార్లు వేస్తే పదిహేను. అంటే మృదంగం ఆయన పదిహేడు అక్షరాలు వదిలిపెట్టి సరిగ్గా పద్దెనిమిదో దాని మీద ఎత్తుకోవాలి, అప్పుడే మూడో "తోం" ముప్పై రెండో అక్షరంతో అయిపోయి, తర్వాతి సమం మీద, అంటే తాళం మళ్ళీ మొదలయ్యే దెబ్బ మీద, పల్లవి వచ్చి పడుతుంది. ఒకసారి వేస్తే అది ఒక ముక్క, రెండోసారి వేస్తే ఓహో ఇది మళ్ళీ వచ్చిందే అనిపిస్తుంది, మూడోసారికి లెక్క తెలియనివాడు కూడా ఎక్కడ పడుతుందో ఊహించి తొడ మీద చెయ్యి ఎత్తి ఉంచుతాడు. ముగింపు అనేది ముందుగా చాటింపు వేసుకుని వచ్చేది. అందుకే చప్పట్లు అంత ఒక్కపెట్టున పడతాయి.

జాతీయగీతాన్నే తీసుకోండి, పూర్తిగా పాడితే 52 సెకన్లు. "జయహే" అని మూడుసార్లు పైకి ఎక్కి, ఆ తర్వాత "జయ జయ జయ జయహే" అని దిగుతుంది. దీని బాణీని 1919లో స్వరాల్లో రాసిపెట్టింది మనకు దగ్గర్లోనే, మదనపల్లెలో, టాగూర్ అక్కడి కాలేజీకి వచ్చినప్పుడు. దీనికే ఒక పొట్టి రూపం కూడా ఉంది, దాదాపు 20 సెకన్లది. అందులో మొదటి పంక్తి, చివరి పంక్తి మాత్రమే ఉంటాయి. మధ్యలో పంజాబు, సింధు, వింధ్య, హిమాచలం అన్నీ తీసేయొచ్చుగానీ ముగింపు తీయడానికి లేదు. మెల్లగా వినపడకుండా పోయే జాతీయగీతాన్ని ఊహించుకోండి, ఎప్పుడు కూర్చోవాలో ఎవరికి తెలుస్తుంది?

మా జమ్మలమడుగు వైపు ఊళ్ళలో చెక్కభజన చూసినవాళ్ళకు ఇదంతా చెప్పక్కర్లేదు. ఇరవై మంది గుండ్రంగా చేరి చేతుల్లో చెక్కలు, కాళ్ళకు గజ్జెలు, మధ్యలో గురువు. మొదట నిమ్మళంగా ఎత్తుకుంటారు, అడుగు మారే కొద్దీ వేగం పెరుగుతుంది, పెరిగి పెరిగి ఇక ఊపిరి అందదు అనే దగ్గర గురువు ఒక సైగ చేస్తాడు, ఇరవై జతల చెక్కలు ఒకే దెబ్బతో ఆగుతాయి, "గోవిందా... గోవింద!" ఆ ఒక్క దెబ్బ కోసమే ముందటి అరగంట. ఒకడు అర దెబ్బ ఆలస్యమైతే ఊరంతా వాడినే చూస్తుంది, తెల్లారి టీ అంగడి దగ్గర కూడా.

సురభి నాటకాల కథ ఇంకాస్త విచిత్రం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన ఆ సమాజాల వాళ్ళు గానీ, ఊళ్ళలో పద్యనాటకాలు ఆడేవాళ్ళు గానీ, పద్యం చివర రాగం తీస్తారు చూడండి, అది ఎక్కడ ఆగాలో నటుడి ఊపిరి సగం నిర్ణయిస్తే, జనం సగం నిర్ణయిస్తారు. రాగం దిగీ దిగకముందే "వన్స్ మోర్" పడిందా, కృష్ణుడు రాయబారం ఆపి ఇంకోసారి పాడాల్సిందే. అయిపోయిన పాట అయిపోలేదన్నమాట. అయినా అది ఫేడౌట్ కాదు, దానికి తలకిందులు.

మా బావమరిది ఒకడు ప్రొద్దుటూరులో పెళ్ళిళ్ళకు, జాతరలకు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాడు. మేనకోడలి సంగతి చెబితే పడీ పడీ నవ్వాడు. "మాకు దినామూ ఇదే బాధ బావా. రికార్డులో పాట మాయమైపోతాది. స్టేజి మీద మేం యాడికి మాయమైపోవాల?" అన్నాడు. వాళ్ళు చేసే పని ఏంటంటే, పాడే ఆయన పిడికిలి పైకెత్తుతాడు. అది చూసి ప్యాడ్స్ వాయించే ఆయన లెక్క మొదలుపెడతాడు. పల్లవి మొదటి పంక్తి మూడుసార్లు, మూడోసారి చివరి మాటను లాగి నిదానం చేయడం, ఒక రోల్, ఒక దెబ్బ. రికార్డులో లేని ముగింపును ప్రతి రాత్రీ వీళ్ళు కొత్తగా తయారు చేస్తారు, దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు "ఎండింగు కొట్టడం". సంగీతం పుస్తకం చదవకపోయినా చేతికి వచ్చింది మళ్ళీ ఆ మూడే, ముక్తాయింపే.

ఇదంతా విని ఫేడౌట్‌ను తిట్టిపోయమంటారేమో. ఆగండి. మనకు కూడా ముగింపు లేని పాటలున్నాయి, వాటిని పాటల లెక్కలో వేసుకోవడం మరిచిపోతాం. జోలపాటను ఎవరైనా ముగించగా చూశారా? తాళ్ళపాక అన్నమయ్యది చెప్పుకునే "జో అచ్యుతానంద" మా జేజి పాడేది, ఆ పాట చివర ఎలా ఉంటుందో మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. అందరం మధ్యలోనే నిద్రపోయాం. మంచం మీద పిల్లవాడి ఊపిరి బరువెక్కే కొద్దీ ఆమె గొంతు తగ్గేది, మాటలు పోయి "ఊఁ ఊఁ" మిగిలేది, తర్వాత అదీ ఉండేది కాదు. ఇక్కడ ఠక్కున ముగించారా, పిల్లవాడు లేచి కూర్చుంటాడు. ధనుర్మాసంలో హరిదాసు వీధి చివరికి పోతూ పోతూ వినపడకుండా పోతాడు. సాయంత్రం శెనక్కాయ చేను నుంచి ఆడవాళ్ళు పాడుకుంటూ వచ్చి, ఒక్కొక్కరు ఒక్కో సందులోకి తిరిగిపోతుంటే పాట కూడా అలాగే పలచబడేది. ఇవన్నీ ఫేడౌట్లే, నాబ్ లేనివి.

ఇలాంటివాటిని పెద్ద పెద్ద వాళ్ళే వేదిక మీదికి ఎక్కించారు. 1772లో హైడెన్ అనే ఆస్ట్రియా సంగీతకారుడు తన నలభై అయిదో సింఫనీ (పెద్ద వాద్యబృందం కోసం రాసే రచన) చివర వాద్యకారులు ఒక్కొక్కరే దీపం ఆర్పుకుని లేచి వెళ్ళిపోయేట్టు రాశాడు, ఆఖరికి రెండు వయొలిన్లే మిగులుతాయి. సెలవు ఇవ్వని రాజావారికి "మేం ఇళ్ళకు పోవాలి దొరా" అని చెప్పడం అది. తర్వాత హోల్‌స్ట్ అనే ఇంగ్లండు ఆయన గ్రహాల మీద రాసిన రచనలో, ఆఖరి గ్రహం నెప్ట్యూన్‌కు ఆడవాళ్ళ బృందాన్ని పక్కగదిలో పెట్టి పాడించి, చివరి ముక్క మళ్ళీ మళ్ళీ పాడుతుండగా తలుపు మెల్లగా, చప్పుడు కాకుండా మూయమన్నాడు. 1918లో వేదిక మీదికి వచ్చింది. ఎంత బాగుంది చూడండి, ఫేడర్ బదులు తలుపు.

ఆ తలుపుకూ, ఫేడర్‌కూ ఒక తేడా ఉంది, ఇంజనీర్లకు బాగా తెలుసు. దూరం పోయే శబ్దం చిన్నదవ్వడం మాత్రమే కాదు, దాని రూపం మారుతుంది. గాలిలో పైస్థాయి గలగలలు ముందు అరిగిపోతాయి, గజ్జెలు పోయి డోలు మిగులుతుంది, గోడలకు తగిలి వచ్చే ప్రతిధ్వని పాలు పెరుగుతుంది. అందుకే ఊరేగింపు మలుపు తిరిగితే కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. స్టూడియోలో వట్టి సౌండు మాత్రం తగ్గిస్తే పాట వెళ్ళిపోతున్నట్టు ఉండదు, పక్కింటివాళ్ళు టీవీ తగ్గించినట్టు ఉంటుంది. శ్రద్ధ ఉన్నవాళ్ళు తగ్గిస్తూనే కొంచెం ఎకో పెంచుతారు, పైస్థాయిని మెత్తబరుస్తారు. అది లేని ఫేడౌట్ నా లెక్కలో బద్ధకమే.

ఠక్కున ఆగేదంతా గొప్పదీ కాదు. ఈమధ్య చాలా పాటల్లో ఒక "ఢమ్" వేసి కరెంటు పోయినట్టు ఆపేస్తున్నారు, దాన్ని ముగింపు అనడానికి నాకు నోరు రాదు. ముగింపు వస్తోందని ముందు ఒక్క కబురైనా రావాలి కదా. ఫోన్లో పాట పూర్తిగా వినే ఓపిక ఎవరికీ లేదు, తోక మొదలవ్వగానే వేలు తర్వాతి పాట మీద ఉంటుంది, కాబట్టి ఫేడౌట్ ఎవరి కోసం చేయాలి అనేది అలా ఆపేసేవాళ్ళ వాదన. రీల్స్‌కైతే చివరే అక్కర్లేదు, చివర వచ్చి మొదటికి అతుక్కుంటే చాలు. పైగా స్పాటిఫైలో క్రాస్‌ఫేడ్ అని ఒక మీట ఉంది, పన్నెండు సెకన్ల దాకా పెట్టుకోవచ్చు, అది నొక్కితే ప్రతి పాటా తర్వాతి పాటలోకి కరిగిపోతుంది. సంగీత దర్శకుడు ఎంత కష్టపడి తీర్మానం పెట్టినా దాని మీద ఇంకోడి పల్లవి వచ్చి కూర్చుంటుంది. ఇప్పుడు గాజు గదిలో మనిషి మనమే.

ఇంగ్లండు బ్యాండు బీటిల్స్ వాళ్ళు ఈ రెండు దారుల్నీ ఏడాది తేడాలో చివరంటా నడిచి చూపించారు. 1968లో "హే జూడ్", ఏడు నిమిషాలు దాటిన పాట, అందులో సగానికి పైగా "నా నా నా" అని సాగే తోకే. అది ముగించే పాట కాదు, గుంపు పాడుకుంటూ పోయే పాట. 1967లో "ఎ డే ఇన్ ద లైఫ్", చివర కొన్ని పియానోల మీద ఒకేసారి ఒక కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి మోగించేది) కొట్టి వదిలేశారు. ఆ మోత నలభై సెకన్లకు పైగా తనంత తానే చల్లారుతూ ఉంటుంది. అది చల్లారే కొద్దీ ఇంజనీరు ఫేడర్‌ను కిందికి కాదు, పైకి తోశాడు, ఇంకాస్త దక్కించుకుందామని. గట్టి ముగింపు, మెల్లగా పోవడం, రెండూ ఒకే దెబ్బలో. ఇలాంటిది విన్నాక ఏది మంచిది అనే వాదన నాకు కొంచెం చిన్నదిగా కనిపిస్తుంది.

మేనకోడలికి మాత్రం వాదన అక్కర్లేదు, పరిష్కారం కావాలి. ఈ ఏడాది ప్రోగ్రాంకు మా బావమరిదే పాట చివర కోసి, పల్లవి మూడు వేసి ఎండింగు కొట్టి ఇచ్చాడు. ఎనిమిది మందీ ఒకే భంగిమలో ఆగారు. చప్పట్లు ఆఖరి దెబ్బకు అర క్షణం ముందే మొదలయ్యాయి, హానోఫర్ వాళ్ళు చూసి ఉంటే సంతోషించేవాళ్ళు.

నా సంగతి వేరు. టెన్త్ చదివేటప్పుడు ప్రొద్దుటూరులో ఒక రికార్డింగ్ అంగడికి పాటల చీటీ రాసిచ్చి నైంటీ క్యాసెట్ చేయించుకున్నాను. వైపుకు నలభై అయిదు నిమిషాలు, నేనేమో ఆశకొద్దీ ఒక పాట ఎక్కువ రాశాను. క్యాసెట్ "A" వైపు చివర టేపు అయిపోతుంటే అంగడాయన మర్యాదగా నాబ్ తిప్పి, మొదటి చరణం అయ్యాక పాటను దించేశాడు. అది ఆ పాట తీరే అనుకున్నాను. కొన్ని వందలసార్లు విని ఉంటాను. మొన్నామధ్య యూట్యూబులో వింటుంటే రెండో చరణం వచ్చింది. చాలా బాగుంది, అసలు పాటలో గొప్ప సాహిత్యం అంతా అందులోనే ఉంది. అయినా ఇప్పటికీ ఆ పాట వస్తే, మొదటి చరణం కాగానే నా చెయ్యి క్యాసెట్ తిప్పడానికి లేస్తుంది.